నేను పెట్టిన మీసం

ముక్కు వంగిన రోజు

మా వృత్తిలో రిటైర్మెంటుకి ఆర్డరు రాదు. ఒకనాడు ఓ పెద్దమనిషి మట్టి తలకి ముక్కు సవరిస్తుంటే చేతిలో పుల్ల వణికింది. బతికున్నన్నాళ్ళూ ఎవరి మాటకీ వంగని ఆయన ముక్కు కాస్తా ఎడమవైపుకి వంగింది. సరిచేద్దామనుకునేలోగా వాళ్ళబ్బాయి వచ్చి చూసి, "అచ్చం నాన్నగారే దిగొచ్చేరండి" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారమే షెడ్డుకి తాళం వేశాను. తప్పు చేసినా దండం పెట్టించుకునే వయసు వచ్చేశాక పని మానెయ్యడమే మర్యాద.

కొత్తపేట దగ్గర రోడ్డు పక్క షెడ్డులో నలభై ఏళ్ళకి పైగా విగ్రహాలు చేశాను. కోనసీమలో మీరు ఏ సెంటర్లో బస్సు దిగినా దారి చెప్పే మనిషి దొరక్కపోవచ్చు గానీ, వేలు చూపిస్తూ ఓ విగ్రహం మాత్రం ఉంటుంది. వాటిలో కొన్ని నావి. ఏవి నావో చెప్పను. బాగున్నవన్నీ నావే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికి వస్తారు. మట్టి ఎలా కలపాలి, ఊచలు ఎలా కట్టాలి, అచ్చు ఎలా తియ్యాలి అని అడుగుతారు. ఫోటో కంప్యూటర్లో పెడితే తల దానంతటదే తయారై వచ్చే మిషన్లున్న రోజుల్లో ఆ చదువు నా దగ్గరే నేర్చుకోనక్కర్లేదు. మిషను చెయ్యలేనిది ఒకటి నేను చేశాను, అది చెప్పగలను. లేని మీసం పెట్టి ఒక తల్లి దగ్గర్నించి ఆవిడ కొడుకు ముఖం పట్టుకుపోయాను.

ఒళ్ళు సిద్ధం, తల రావాలి

ముందు మా గురువుగారి సంగతి. ఆయనకి కోపం ముక్కు మీదుండేది. తడి గోనె కప్పకుండా మట్టి బొమ్మని ఎండబెట్టామంటే ఆ గోనె మా నెత్తిన కప్పేవారు. నేను చేరిన కొత్తలో ఓ మాట చెప్పారు. "విగ్రహం పోయినవాళ్ళ కోసం చేస్తున్నామనుకోకురా. ఉన్నవాళ్ళ కోసం చేస్తున్నాం. పోయినవాళ్ళెవరూ వచ్చి బాగులేదనరు." నేను దీన్ని వ్యాపార రహస్యం అనుకుని తలూపాను. అది హెచ్చరిక అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో మా షెడ్డులో ఒళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. పంచెకట్టు ఒళ్ళు రెండు, కోటు ఒళ్ళు ఒకటి, శాలువా కప్పుకున్న ఒళ్ళు ఒకటి. ఎవరైనా పోయారని కబురొస్తే తల మాత్రం చేసి తగిలించేవాళ్ళం. ఒకసారి బక్కపల్చటి లెక్కల మాస్టారికి బాగా తిన్న ఓ ప్రెసిడెంటుగారి ఒళ్ళు పడింది. మాస్టారి భార్య వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "పోన్లెండి, అక్కడైనా కాస్త తింటున్నట్టున్నారు" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. ఆ నవ్వు వెనకాల ఏముందో నేను ఆరోజు ఆలోచించలేదు.

వేలు చూపించడం ఇంకో జబ్బు. జీవితమంతా సారా వద్దని ఊరూరా తిరిగి చెప్పిన ఓ పెద్దాయన విగ్రహం చేశాం. నిలబెట్టాక చూస్తే ఆయన వేలు ఎదురుగా ఉన్న బ్రాందీ షాపుని చూపిస్తోంది. షాపు మార్చమని కమిటీ, విగ్రహం మార్చమని షాపాయన. నాలుగు పంచాయితీలయ్యాక విగ్రహాన్నే పావువంతు తిప్పాం. ఇప్పుడాయన పశువుల ఆసుపత్రిని చూపిస్తున్నారు. పశువులు వస్తూనే ఉన్నాయి.

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. నవ్వుకోగలిగిన తప్పులు మనిషికేమీ నేర్పవు, ఇంకాస్త ధైర్యమిస్తాయి, అంతే. ఆ ధైర్యంతోనే ప్రభాకర్ విగ్రహం ఒప్పుకున్నాను.

ఫ్లెక్సీలో పుట్టిన మనిషి

ప్రభాకర్‌ది పి.గన్నవరం అవతల ఓ లంక ఊరు. పడవలో ఏరు దాటి వెళ్ళాలి. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి మార్తమ్మగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు ఉద్యోగం చేస్తూ ఒక్కగానొక్క కొడుకుని పెంచారు. అతను పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు, తర్వాత ప్రత్యేక దళంలో కమాండో అయ్యాడు. ఆ దళంలో కొందర్ని శాంతి కాపాడే పని మీద ఆఫ్రికాలో ఒక దేశానికి పంపారు. శాంతి కాపాడ్డానికి కమాండోలెందుకని మా షెడ్డులో ఒకాయన అడిగాడు. మన ఊళ్ళో శాంతి కమిటీ మీటింగుకి రెండు వ్యాన్ల పోలీసులెందుకో అందుకే అన్నాను.

అక్కడ నిరాశ్రయుల శిబిరానికి మందులు తీసుకెళ్తున్న లారీల మీద దాడి జరిగింది. ప్రభాకర్ దెబ్బ తిన్న ఓ డ్రైవర్ని బయటికి లాగి, రెండో డ్రైవర్ కోసం వెనక్కి వెళ్ళాడు. ఆ రెండోసారి తిరిగి రాలేదు. ముప్ఫై రెండేళ్ళు. మొదటి డ్రైవరు బతికాడు, అతను ఏ దేశపు మనిషో, పేరేమిటో ఇక్కడెవరికీ తెలియదు. పెట్టె వచ్చింది. తెరవకూడదన్నారు.

ఆరోజు లంకకి వెళ్ళే పడవలు చాలలేదు. తెల్లారేసరికి రాజోలు నుంచి రామచంద్రపురం దాకా ఫ్లెక్సీలు వెలిశాయి. ఇక్కడే కథ మొదలు. ఫ్లెక్సీ చేసినవాడి దగ్గర ప్రభాకర్ ఈమధ్య దిగిన ఫోటో లేదు. సైన్యంలో చేరినప్పుడు తీసిన గుండు ఫోటో ఒకటి ఎక్కడో సంపాదించి, కంప్యూటర్లో జుట్టు మొలిపించి, వయసు పెంచి, మెలితిప్పిన మీసం పెట్టి, ఏ దేశం సైన్యానిదో తెలియని ఒంటి మీద తగిలించాడు. వాణ్ణేమనను. మేం నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నదే వాడు నలభై నిమిషాల్లో చేశాడు.

పది రోజులు తిరక్కుండా విగ్రహం కమిటీ అధ్యక్షుడు బుల్లబ్బాయిగారు వచ్చారు. కొబ్బరికాయల వ్యాపారం. మంచి మనిషి, అబద్ధం చెప్పను. ఆయన దేశభక్తి నిజమైనదే. దిమ్మ మీద తన పేరు పెద్దక్షరాలతో ఉండాలన్న కోరికా అంతే నిజమైనది.

"సూర్నారాయణగారూ, మనవాడి విగ్రహం తొమ్మిదడుగులుండాలండి."

"మనిషి ఎంత పొడుగండీ?"

"అయిదున్నర దాటి ఉంటాడేవోనండి. పోయేక పెరుగుతారు గదండీ!"

"ఫోటో?"

చంకలోంచి ఫ్లెక్సీ చుట్ట తీసి షెడ్డు నేల మీద పరిచారు. చుట్టూ నిలబడి చూశాం. మీసం నా అరిచెయ్యంత ఉంది.

"అబ్బాయికి మీసం ఉండేదాండీ?"

"అదేవిటండోయ్! కమాండో అండీ. మీసం లేకపోతే ఎలాగండీ?"

నేనడిగింది ఉండేదా అని. ఆయన చెప్పింది ఉండాలి అని. ఈ రెంటికీ మధ్య గోదావరంత దూరం ఉంది, నేను గమనించలేదు. "తల్లిగారిని అడిగేరా?" అని కూడా అడిగాను.

"టీచరుగారు విశ్వాసులండి. విగ్రహం ఒద్దు బాబూ అంటున్నారు. మీరు చేసెయ్యండి, చూసేక ఆవిడే ఒప్పుకుంటారు. పెద్దావిడ, ఎంతసేపండీ?"

నేను "ఆయ్" అన్నాను. మా ప్రాంతంలో అవుననే ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో, వెనక్కి తీసుకోవడం అంత కష్టం.

ఈయన ఎవరండీ

మట్టి బొమ్మ పూర్తయ్యాక, అచ్చు తీసేముందు ఇంటివాళ్ళని పిలిచి చూపించడం మా షెడ్డు ఆనవాయితీ. మార్పులేవైనా ఉంటే అప్పుడే చెప్పాలి, అచ్చు తీశాక బ్రహ్మ దేవుడైనా ఏమీ చెయ్యలేడు. కొబ్బరికాయ కొట్టి, బొమ్మ నుదుట కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు ముసుగు తీస్తాం. గురువుగారి నాటి నుంచీ నడుస్తున్నది. చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది.

బుల్లబ్బాయిగారు మూడుసార్లు పడవ దాటి వెళ్ళి బతిమాలితే మార్తమ్మగారు వచ్చారు. తెల్లటి నేత చీర, కళ్ళజోడు, చేతిలో గుడ్డసంచి. బడికి తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరమ్మలా ఉన్నారు. నాకెందుకో కాళ్ళు దగ్గరపెట్టి నిలబడాలనిపించింది. తడి గోనె తీశాను.

తొమ్మిదడుగుల మనిషి. రొమ్ము విరుచుకుని, మీసం మెలేసి, తుపాకీ ఎత్తి, నుదుట ఎర్రగా బొట్టు పెట్టుకుని.

ఆవిడ చూశారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఈయన ఎవరండీ?"

బుల్లబ్బాయిగారు కంగారుపడ్డారు. "అదేవిటండి టీచరుగారూ, మన ప్రభాకరేనండి!"

"ఓహో," అన్నారు ఆవిడ. ఇంకాసేపు చూశారు. "బావున్నారండి. మీరు చాలా కష్టపడ్డట్టున్నారు. పాపం ఎండలో." అంతే. గుడ్డసంచి సర్దుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

"చూసేరా, బావుందన్నారు!" అని బుల్లబ్బాయిగారు నా భుజం తట్టారు.

నాకు మాత్రం అన్నం సయించలేదు. సాయంత్రం బొమ్మ తడపడానికి నిచ్చెనెక్కి, నీళ్ళు చల్లుతుంటే కుంకుమ కరిగి మట్టి ముక్కు మీంచి మీసంలోకి దిగింది. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే తల్లికి, ఆవిడ కొడుకు కాని కొడుకుని చూపించి, పైగా వాడికి బొట్టు పెట్టాను. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. కోతి అయినా ఫరవాలేదు, అది కోతి అని అందరికీ తెలుస్తుంది. నేను చేసింది తొమ్మిదడుగుల పరాయి మనిషిని.

వరద గీతల ఇల్లు

మర్నాడే పడవ దాటాను. క్షమాపణ చెప్పి వచ్చేద్దామని. వృత్తిలో ఉన్నవాళ్ళకో మాట: క్షమాపణకి వెళ్ళేటప్పుడు తిరుగు పడవ టైము చూసుకుని వెళ్ళకండి. అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

ఇంటి గోడ మీద సుద్దముక్కతో గీతలున్నాయి. ఏ ఏడు వరద ఎంతవరకు వచ్చిందో ఒక్కో గీత పక్కన ఏడాది అంకె గుండ్రంగా రాసి ఉంది. మార్తమ్మగారు కాఫీ ఇచ్చారు. నేను బొట్టు సంగతి ఎత్తి చేతులు జోడించబోతే ఆపేశారు.

"దానికేవుందండీ, మీ అలవాటు మీది. బొట్టు కడిగితే పోతుంది."

లోపల్నించి ఓ ఆల్బమ్ తెచ్చారు. పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిగా అట్టలా ఉంది. మొన్నటి వరదకి మంచం మీద పెట్టినా నీళ్ళు అందుకున్నాయట. మిగిలినవి రెండే ఫోటోలు. ఒకటి చేరినప్పటి గుండు ఫోటో, అందులో ఉన్నది పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. రెండోది అక్కణ్ణించి పంపింది. నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు, ముక్కు మీద నుంచి మెడ దాకా గుడ్డ. కమాండోలు ముఖం కనపడనివ్వరట.

"సంబంధాలు చూస్తున్నాను, ఫోటో పంపరా అంటే ఇది పంపేడండి," అన్నారు ఆవిడ. "మా పాస్టరమ్మగారు చూసి, టోపీ బావుంది వదినా అన్నారు. నా దగ్గరేవో బటన్ ఫోను. దాంట్లో మాట తప్ప మనిషి రాడు గదండీ."

నవ్వాను. ఆవిడా నవ్వారు. మాస్టారి భార్య నవ్వు గుర్తొచ్చింది నాకు. ఈసారి నవ్వు ఆపి ఆవిడ ముఖంలోకి చూశాను.

"మిమ్మల్నొకటి అడగొచ్చాండీ?" అన్నారు. "నిన్న మీ షెడ్డు నుంచి వచ్చిన కాణ్ణించి, కళ్ళు మూసుకుంటే మీరు చేసినాయనే వస్తున్నారండి. ఆ మీసాలాయన. ప్రార్థనలో కూచున్నా ఆయనే. మావాడు రావట్లేదు. ఏం చెయ్యాలండీ?"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"పెట్టె తెరవనివ్వలేదండి. ఆఖరి సెలవు అయిపోయేక పడవెక్కుతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేడు. నా దగ్గరున్నది ఆ ఒక్క చూపేనండి. దాని మీద మీరు మీసం పెట్టేసేరు."

కోప్పడి ఉంటే బాగుండేది. పిల్లాడి పలక మీద తప్పు చూపించినట్టు చెప్పారు. నలభై ఏళ్ళలో నన్ను తిట్టినవాళ్ళున్నారు, కోర్టుకి లాగుతానన్నవాళ్ళున్నారు. ఎవరి ముందూ నేను అంత సిగ్గుపడలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడే మళ్ళీ నాకు మంచినీళ్ళివ్వాలని ఆపుకున్నాను.

"టీచరుగారూ, మీరొచ్చి నా పక్కన కూర్చుని చెప్పండి. ముఖం మళ్ళీ చేస్తాను," అన్నాను.

"విగ్రహమే ఒద్దని గదండీ నేనంటున్నది! దండలేస్తారు. పాలుపోస్తారు. దండం పెట్టి కోరికలు కోరతారు. మావాడికి లెక్కలే వచ్చేవి కాదు, వాడేం తీరుస్తాడండీ కోరికలు? దేవుడొకడున్నాడు, ఆ పని ఆయన్ని చేసుకోనివ్వండి."

"విగ్రహం కోసం కాదండి. నేను పోగొట్టింది నేను వెతకాలి. ఆ తర్వాత దాన్ని ఏం చెయ్యమంటే అది చేస్తాను."

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. నా తిరుగు పడవ వెళ్ళిపోయింది.

"మట్టి అయితే చెరిపెయ్యొచ్చాండీ?"

"ఆయ్. నీళ్ళు పోస్తే మళ్ళీ మట్టేనండి."

"అయితే వస్తాను."

దిద్దుబాటు

ఆరు రోజులు ప్రొద్దుటి బస్సుకి వచ్చారు, క్యారేజీలో ఇద్దరికి సరిపడా అన్నం పెట్టుకుని. తొమ్మిదడుగుల ఒంటిని నేను ముందే కూల్చేశాను. "మావాడు అయిదడుగుల ఏడంగుళాలండి. దిమ్మ మీకెంత ఎత్తు కావాలంటే అంత కట్టుకోండి" అని ఆవిడ మొదటి రోజే చెప్పేశారు.

ఒళ్ళు ఆ కొలతకే తర్వాత చేసుకోవచ్చని తల మొదలెట్టాను, మనిషి తల అంత తల. ముందు గుండు ఫోటో చూసి ఎముక కట్టాను. అక్కణ్ణించి ఆవిడదే పెత్తనం. నా పని దిద్దిన గురువుగారు పోయి పాతికేళ్ళయింది, మళ్ళీ దిద్దించుకుంటానని అనుకోలేదు. తప్పున్న చోట వేలితో మట్టి మీద ఇంటూ గీసేవారు. దవడ మీద ఇంటూ. చెవి మీద ఇంటూ. "ఎడం చెవి కొంచెం కిందకుంటుందండి, మీరు రెండూ ఒక వరసలో పెడితే ఎలా?" ఓరోజు ముక్కు మీద మూడు ఇంటూలు పడ్డాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగోరోజు ఇద్దరం ఆగిపోయాం. ఎంత దిద్దినా బాగానే ఉంది గానీ ప్రభాకర్ కాదు. మాటలు అయిపోయాయి. ముఖం గురించి మన భాషలో ఉన్న మాటలన్నీ కలిపినా ఓ ముక్కు కూడా పూర్తవదు. కోల ముఖం, గుండ్రటి ముఖం, అంతేగా! అప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి, లేచి, కళ్ళు మూసుకుని మట్టి తలని రెండు చేతులతో పట్టుకున్నారు.

"తలంటు పోసిన చేతులండి," అన్నారు. "ఇవి మర్చిపోవు."

బొటనవేళ్ళు కనుబొమల మీద పెట్టి పక్కలకి లాగారు. "ఇక్కడ నా వేలు ఆగేదండి. చిన్న పల్లం." నేను పుల్లతో పల్లం చేశాను. "ఇంకా లోతు. ఆ." అరచేతులు బుగ్గల మీదికి జారాయి. గడ్డం కింద మూడు వేళ్ళు పట్టే చోటు చూపించారు. నేను ఆవిడ చేతుల వెనకాలే నా పుల్ల నడిపాను. నలభై ఏళ్ళు ఫోటోలు చూసి చేశాను. చేతులు చూసి చెయ్యడం అదే మొదలు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు దీన్నొక్కటి రాసిపెట్టుకోండి: ఫోటో మీకు ముఖం చూపిస్తుంది, ఆ ముఖం కడిగినవాళ్ళు ఎవరో చెప్పదు. ముందు వాళ్ళ కోసం వెతకండి.

ఆరోరోజు మధ్యాహ్నం ఆవిడ ఇంటూలు పెట్టడం మానేశారు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఊరికే చూస్తున్నారు. నేను పుల్ల కింద పెట్టాను. షెడ్డు బయట లారీలు పోతున్నాయి.

"ఏరా," అన్నారు ఆవిడ.

నాతో కాదు. నేను బయటికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

తిరిగి వచ్చి, ఎందుకైనా మంచిదని ఒక ఫోటో తీద్దామని సెల్లు బయటికి తీశాను. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"ఎన్ని మార్కులండీ?" అని అడిగాను.

"డెబ్బై అయిదు."

"మిగతా పాతికా?"

"నవ్వుతాడండి మావాడు. అది మీకు రాదు." స్టూలు మీంచి లేచి, "ఇంక కప్పెయ్యండి" అన్నారు.

తడి గోనె తీసుకోబోయాను. "అది కాదండి," అని గుడ్డసంచిలోంచి ఆ ముసుగు ఫోటో తీశారు. "రోడ్డు మీద పెట్టక తప్పదంటున్నారు గదా బుల్లబ్బాయిగారు. ఇలా పెట్టండి. వాడి డ్యూటీలో ఎలా ఉన్నాడో అలాగే. ఈ ముఖం నేను చూసేను, చాలు. ఊరికి గుడ్డ చాలు."

పల్చటి గుడ్డని మట్టినీళ్ళలో ముంచి బొమ్మ మీద వేస్తే ముడతలతో సహా అతుక్కుంటుంది, బట్టలు చెయ్యడానికి మేం వాడే పద్ధతే. ఆ మాట చెప్పగానే సంచిలోంచి తెల్లటి నేతగుడ్డ ముక్క తీశారు. తన చీరలోంచి చించి తెచ్చారు. అంటే ప్రొద్దున్న బయల్దేరేటప్పుడే నిర్ణయించుకున్నారన్నమాట. నేను మట్టినీళ్ళు కలిపి, గుడ్డ ముంచి, పిండి, వెయ్యబోయాను.

"నేను వేస్తానండి. ఆ పెట్టె దగ్గర వెయ్యనివ్వలేదు."

గుడ్డ రెండు కొసలూ పట్టుకుని గడ్డం మీంచి ముక్కు దాకా కప్పి, చెవుల వెనక్కి సర్దారు. ఎడం చెవి దగ్గర కొంచెం కిందకి. మడత పడిన చోట వేలితో నిమిరారు. పైన నేను టోపీ పెట్టాను, కళ్ళకి నల్లద్దాలు పెట్టాను. అచ్చు తీశాక లోపలి మట్టి తవ్వి, ఇచ్చిన మాట ప్రకారం నీళ్ళు పోశాను. ఆ ముఖం చూసింది మేమిద్దరమే.

ముసుగు తీస్తే ముసుగు

బుల్లబ్బాయిగారు చూసి గుండె బాదుకున్నారు. "ముఖం లేని విగ్రహవేవిటండీ బాబూ! ఎవరిదో ఎలా తెలుస్తుందండీ?"

"కింద పేరు రాస్తాం గదండీ."

"ఎవరి పేరండీ?"

"ఇద్దరిదీనండి. ఆయనదీ, మీదీ."

కొంచెం మెత్తబడ్డారు. దిమ్మ మాత్రం తొమ్మిదడుగులు కట్టించారు. ఆ కోరిక ఎక్కడో ఒకచోట తీరాలి కదా.

ఆవిష్కరణకి ఓ పెద్ద ప్రజాప్రతినిధి వచ్చారు. బ్యాండుమేళం మోగింది. ఆయన తాడు లాగారు, పట్టు గుడ్డ కిందపడింది. లోపల ఇంకో గుడ్డతో ప్రభాకర్. ఆయన చప్పట్లకోసం ఆగి, అవి రాక, తాడు ఇంకా ఏదైనా ఉందేమోనని చుట్టూ వెతుక్కుని, మైకులోనే, "ఇంకోటి కూడా తియ్యాలాండీ?" అని అడిగారు. జనం నవ్వాలో వద్దో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనకాల సోడా బండి పక్కన నిలబడ్డ మార్తమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నారు. ఆ పాతిక మార్కులూ ఎవరి పోలికో నాకప్పుడు తెలిసింది.

పాల పాకెట్లతో వచ్చినవాళ్ళు ఎక్కడ పొయ్యాలో తోచక పట్టుకుపోయారు. దండలు మొదటిరోజు పడ్డాయి, తర్వాత తగ్గాయి. ముఖం కనపడని మనిషిని కోరికలు అడగడానికి జనానికి మొహమాటం. ఇప్పుడా చోటుని ఆటోవాళ్ళు మాస్కు సెంటర్ అంటున్నారు. కొత్తవాళ్ళు అది కరోనాలో పనిచేసిన డాక్టరుది అనుకుంటారు. ఓసారి ఒకాయన నాకే అలా చెప్పాడు. ఔనండి, మంచి డాక్టరు అన్నాను. ఎవరో ఒకర్ని కాపాడ్డానికి వెనక్కి వెళ్ళిన మనిషని తెలుసుకుంటే చాలు, పేరు దిమ్మ మీద రాసే ఉంది.

నేను చేసిన విగ్రహాలన్నిట్లోకీ అదే మంచిదని ఇప్పుడనుకుంటాను. ముఖాలు చెయ్యడంలో పేరు తెచ్చుకున్నవాడికి ముఖం లేని పని మిగలడం చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఆవిష్కరణ రోజు జనం పల్చబడ్డాక మార్తమ్మగారిని బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. అడగడానికి భయం. పి.గన్నవరం బస్సు దూరంగా కనిపించాక, ఇంక అడక్కపోతే ఎప్పటికీ అడగలేనని అడిగేశాను.

"టీచరుగారూ, ఆ మీసాలాయన..."

"ఆయనాండీ?" అన్నారు. బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు. "రావడం మానేసేరండి. మావాడే వస్తున్నాడు. పడవెక్కుతా వెనక్కి చూస్తున్నాడండి. మీసం లేదు."